సిద్ధమైన పనిముట్టా? స్వయంగా వ్రాసిన స్క్రిప్టా?

ఒకే పనిని పదిమార్లు ఒకే విధంగా చేయవలసివచ్చినప్పుడు దానిని యంత్రానికి అప్పగించాలనుకొనడం మానవసహజం. పొలంలో ఏతం పోయి మోటారు పంపు వచ్చినట్లే, కార్యాలయంలో చేతివ్రాత పట్టీలు పోయి కంప్యూటర్ వచ్చినది. అయినప్పటికీ కంప్యూటర్ ఎదుట కూర్చున్న గుమాస్తా నేటికీ ఒక పట్టికలోని పేరును మరొక పట్టికలోనికి చేతితోనే ఎక్కిస్తూ ఉన్నాడు. వచ్చిన ప్రతి దరఖాస్తుకూ అదే జవాబును మరల మరల పంపుతూ ఉన్నాడు.

ఇట్టి పనిని యంత్రమే తనంతట తాను చేసుకొనిపోయేటట్లు ఏర్పాటు చేయడాన్ని ఆటోమేషన్ అంటున్నాము. అందుకు నేడు ప్రధానంగా రెండు మార్గాలున్నవి. మొదటిది, ప్రోగ్రాము వ్రాయనవసరం లేకుండా తెరమీది గళ్ళను జతపరచి పని నడిపించే నో-కోడ్ పనిముట్లు. రెండవది, మన అవసరానికి తగినట్లు మనమే వ్రాసుకొనే చిన్న ప్రోగ్రాము, అనగా స్క్రిప్టు. వీటిలో దేనిని ఎప్పుడు ఎన్నుకొనవలెనన్న విషయాన్ని ఈ వ్యాసంలో పరిశీలింపదలచినాము. కంప్యూటర్ శాస్త్ర విద్యార్థులకే గాక వాణిజ్యశాస్త్ర విద్యార్థులకు, భాషాసాహిత్యాలు చదివేవారికి, కళాశాల నిర్వాహక సంఘ సభ్యులకు కూడా ఈ విచారణ అవసరమని మా విశ్వాసం. ఎందుకనగా, ఈ ఎంపికలో పొరపాటు జరిగినచో నష్టపోయేది యంత్రం కాదు. జాబితాలోనుండి పేరు జారిపోయిన విద్యార్థి.

రెండు మార్గాల స్వరూపం

నో-కోడ్ పనిముట్లలో జాపియర్, మేక్, మైక్రోసాఫ్ట్ పవర్ ఆటోమేట్ అనేవి పేరెన్నికగన్నవి. వీటన్నిటి మూలసూత్రం ఒక్కటే: ఒక సంఘటన జరిగినప్పుడు దానివెంట ఒక చర్య జరగాలి. గూగుల్ ఫారం ద్వారా దరఖాస్తు రావడం సంఘటన. 'మీ దరఖాస్తు అందినది' అని దరఖాస్తుదారునికి ఈమెయిల్ వెళ్ళడం చర్య. ఈ రెంటినీ తెరమీద రెండు గళ్ళుగా చూపి, మధ్య గీత కలుపమంటుంది పనిముట్టు. ఏ ఖాతానుండి పంపాలో, ఏ మాటలు పంపాలో నింపితే చాలు. అరగంటలో పని మొదలవుతుంది. దీని వెనుక ప్రోగ్రాము లేదని భావించరాదు. ఆ ప్రోగ్రామును ఇతరులు ముందే వ్రాసిపెట్టినారు. మనం దానిని అద్దెకు తీసుకొంటున్నాము.

స్క్రిప్టు పద్ధతి వేరు. 'ఈ ఫైలును తెరువు. ప్రతి వరుసనూ చదువు. హాజరు 75 శాతానికి తక్కువైన పేర్లను వేరుచేయి. వాటిని కొత్త ఫైలులో వ్రాయి' అన్న ఆజ్ఞలను పైథాన్ వంటి భాషలో వరుసగా వ్రాస్తే పదిహేను ఇరవై పంక్తులలో ముగుస్తుంది. ఆ ఫైలు మన కంప్యూటర్‌లోనే ఉంటుంది. ఎవరైనా తెరచి చదువవచ్చు, మార్చవచ్చు, మరొకరికి ఇవ్వవచ్చు. అయితే ఆ భాష తెలిసిన మనిషి కావాలి.

బజారులో దొరికే రెడీమేడ్ దుస్తులకు, దర్జీ కొలతలు తీసుకొని కుట్టిన దుస్తులకు ఎంత భేదమో వీటికీ అంత భేదమున్నది. రెడీమేడ్ దుస్తులను కొన్ననాడే తొడుగుకొనవచ్చు. కాని భుజాల దగ్గర బిగిస్తే చేయగలిగినది స్వల్పం. దర్జీ దుస్తులు ఒంటికి అమరుతాయి. కాని దర్జీకి వ్యవధి ఇవ్వాలి, అతడు నేర్పరియై ఉండాలి, ఏడాది తరువాత సవరించవలసివస్తే అతడు ఊరిలో ఉండాలి. ఈ కడపటి షరతును చాలామంది మరచిపోతారు. ఈ వ్యాసంలో మేము నొక్కిచెప్పదలచినది ముఖ్యంగా దానిని గురించే.

చరిత్ర చెప్పే పాఠం

ప్రోగ్రామర్ల అవసరం లేకుండానే పనులు జరిగిపోవాలన్న ఆశ నిన్న మొన్నటిది కాదు. 1959లో రూపకల్పన ఆరంభమైన కొబాల్ భాషను ఇంగ్లీషు వాక్యాలను పోలిన ఆజ్ఞలతో తీర్చిదిద్దినారు. వ్యాపార వ్యవహారాలు తెలిసినవారికి కూడా ప్రోగ్రాము అర్థం కావాలన్నది దాని ఉద్దేశాలలో ఒకటి. దానికి మార్గదర్శకమైన ఫ్లో-మాటిక్ భాషను రూపొందించినవారు గ్రేస్ హాపర్. ఆచరణలో కొబాల్ కూడా ప్రోగ్రామర్ల భాషగానే స్థిరపడినది. 1979లో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇరువురు విసికాల్క్ అనే లెక్కల పట్టికను వెలువరించినారు. నేటి ఎక్సెల్‌కు అది పూర్వరూపం. ప్రోగ్రాము వ్రాయడం రాని గణకుడు కూడా తన లెక్కను తానే యంత్రంచేత చేయించుకొనగలిగినాడు. ఇది నిజమైన విజయం.

స్క్రిప్టుల మార్గానికి కూడా ఘనమైన చరిత్ర ఉన్నది. 1973లో యూనిక్స్ వ్యవస్థలో డగ్లస్ మెక్‌ఇల్‌రాయ్ సూచనమేరకు కెన్ థామ్సన్ 'పైపు' అనే ఏర్పాటు చేసినారు. ఒక చిన్న ప్రోగ్రాము ఫలితాన్ని నేరుగా మరొక చిన్న ప్రోగ్రాములోనికి ప్రవహింపజేయడం దీని భావం. చిన్న పనిముట్లను గొలుసుగా కూర్చే ఈ పద్ధతినుండే షెల్ స్క్రిప్టుల వాడుక విస్తరించినది. 1991లో గిడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ భాష చదువుటకు సులభమైనది కావడంచేత ఈ మార్గం సామాన్య విద్యార్థికి కూడా అందుబాటులోనికి వచ్చినది.

2007లో యాహూ సంస్థ ఈ రెండు మార్గాలకూ వంతెన వేసినట్లు 'యాహూ పైప్స్' అనే సేవను ప్రారంభించినది. తెరమీద గళ్ళను గొట్టాలవలె కలిపి సమాచారాన్ని వడపోసుకొనే వీలు కల్పించిన ఆ సేవను 2015 సెప్టెంబరు 30న మూసివేసినారు. దానిమీద ఆధారపడినవారు తమ ఏర్పాట్లను మరొకచోట మొదటినుండి కట్టుకొనవలసివచ్చినది. ఆ తరువాత గూగుల్ సంస్థ నడిపిన 'యాప్ మేకర్' అనే సేవకు కూడా 2021 జనవరిలో అదే గతి పట్టినది. అద్దె ఇంటిలో సౌకర్యాలెన్ని ఉన్నా, ఖాళీ చేయమనే హక్కు ఇంటి యజమానిదే కదా!

అంతమాత్రాన స్వయంగా వ్రాసినది శాశ్వతమనుకొనరాదు. పైథాన్ రెండవ సంపుటికి 2020 జనవరి 1తో మద్దతు నిలిచిపోయినది. అందులో వ్రాసినవాటిని మూడవ సంపుటికి అనుగుణంగా సవరించవలసివచ్చినది. 2012 ఆగస్టు 1న అమెరికాలోని నైట్ కాపిటల్ అనే వాటాల వ్యాపార సంస్థ తన సొంత ప్రోగ్రామును కొత్తగా అమర్చినప్పుడు, ఎనిమిది సర్వర్లలో ఒకదానిమీద పాత ప్రోగ్రాము మిగిలిపోయినది. ముప్పావుగంటలో ఆ సంస్థకు 40 కోట్ల డాలర్లకు పైగా నష్టం వాటిల్లినది. కావున ఏ మార్గమూ స్వభావతః సురక్షితం కాదు. మార్గాన్ని కాక పనిని చూచి నిర్ణయించాలి.

ఒక కళాశాల, మూడు పనులు

విషయం స్పష్టపడడానికి ఉర్దూ, తెలుగు మాధ్యమాలు రెండూ గల ఒక కళాశాలను ఊహించుకొందాం. అందులో 1,200 మంది విద్యార్థులున్నారనుకొందాం. కార్యాలయం యంత్రానికి అప్పగింపదలచిన పనులు మూడు.

మొదటి పని: ప్రవేశ దరఖాస్తు అందగానే జవాబు పంపడం. ఇందులో నియమం ఒకే వాక్యం. మినహాయింపులు లేవు. ఒకవేళ జవాబు వెళ్ళకపోయినా దరఖాస్తు పోదు. విద్యార్థి ఫోను చేసి అడుగుతాడు. ప్రపంచంలోని కళాశాలలన్నిటికీ ఈ పని ఒకే తీరున ఉంటుంది. దీనికి స్క్రిప్టు వ్రాయబూనడం పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం ప్రయోగించడమే. నో-కోడ్ పనిముట్టు చాలును.

రెండవ పని: హాజరు తక్కువైన విద్యార్థుల తల్లిదండ్రులకు నెలనెలా తెలియపరచడం. పైకి ఇదీ సులభంగానే తోస్తుంది. కాని వైద్య సెలవులో ఉన్నవారిని లెక్కనుండి తప్పించాలి. ఆలస్యంగా చేరినవారికి చేరిన దినంనుండి లెక్కించాలి. ఉర్దూ మాధ్యమంవారికి ఉర్దూలో, తెలుగు మాధ్యమంవారికి తెలుగులో ఉత్తరం వెళ్ళాలి. ఒక్కొక్క మినహాయింపు చేరినకొలదీ తెరమీది గళ్ళు కొమ్మలుగా చీలి, కొమ్మలు రెమ్మలై, చివరకు దానిని తయారుచేసినవానికే తెలియని చిక్కుముడి అవుతుంది. ఖర్చును కూడా చూడాలి. అనేక సేవలు జరిగిన చర్యలను లెక్కించి రుసుము వసూలు చేస్తాయి. విద్యార్థి ఒక్కంటికి నెలకు మూడు చర్యల చొప్పున 1,200 మందికి పది నెలలలో 36,000 చర్యలవుతాయి. ఇక్కడ మధ్యేమార్గం ఉచితం. హాజరు లెక్కను పట్టికలోని సూత్రాలతో గాని, గూగుల్ యాప్స్ స్క్రిప్ట్ వంటి చిన్న స్క్రిప్టుతో గాని తేల్చి, ఉత్తరం పంపే పనిని మాత్రమే సిద్ధమైన పనిముట్టుకు విడువవచ్చు.

మూడవ పని: ఉపకారవేతనాల జాబితాను కళాశాల జాబితాతో సరిపోల్చడం. ఇది అన్నిటికన్న క్లిష్టం, అన్నిటికన్న ముఖ్యం. మొదటి పనిలో తప్పు జరిగితే ఒక ఈమెయిల్ తగ్గుతుంది. ఇందులో తప్పు జరిగితే పేద విద్యార్థి ఏడాది ఫీజు నిలిచిపోతుంది. కావున దీనిని కొంత వివరంగా పరిశీలిద్దాం.

పేరులోనే ఉన్న చిక్కు

మొహమ్మద్ అన్న పేరును ఇంగ్లీషు అక్షరాలలో ఒక జాబితా నిండుగా వ్రాస్తుంది, మరొకటి 'ఎం.డి.' అని రెండక్షరాలతో సరిపెడుతుంది, ఇంకొకటి 'ఎం.ఓ.హెచ్.డి.' అంటుంది. షేక్ అన్నది 'ఎస్.కె.' అవుతుంది. తెలుగు పేర్లలో ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట చివర, మరొకచోట ఒంటి పొడి అక్షరంగా కనబడుతుంది. వీటిని చూచిన గుమాస్తా అది ఒకే మనిషి పేరని క్షణంలో గ్రహిస్తాడు. యంత్రానికి అవి వేరువేరు పేర్లు.

స్వభాషా లిపులలో వ్రాసినంతమాత్రాన ఈ చిక్కు తీరదు. ఉర్దూలోని 'యే', 'కాఫ్' అక్షరాలకు యూనికోడ్‌లో ఒక సంకేతసంఖ్య, అరబ్బీలోని అవే అక్షరాలకు మరొక సంకేతసంఖ్య ఉన్నవి. పదం మధ్యలో వచ్చినప్పుడు వాటి రూపాలు కంటికి ఒక్కటిగానే తోచినా, అరబ్బీ కీబోర్డుతో కొట్టిన పేరు, ఉర్దూ కీబోర్డుతో కొట్టిన పేరు యంత్రం దృష్టిలో కలియవు. తెలుగులో 'రాజ్‌కుమార్' వంటి పేర్లలో పొల్లును విడిగా నిలిపి చూపడానికి కంటికి కనబడని ఒక సంకేతాన్ని చేర్చడం కద్దు. అది ఒక జాబితాలో ఉండి మరొకదానిలో లేకపోతే అవి రెండు పేర్లవుతాయి. అనూ ఫాంట్లలోనో, పాత ఇన్‌పేజ్ ఫైళ్ళలోనో కూర్చిన జాబితాల సంగతి వేరే చెప్పనక్కరలేదు. వాటిని యూనికోడ్‌లోనికి మార్చుకొంటే తప్ప పోల్చడం సాధ్యం కాదు.

అంకెలలో కూడా ప్రమాదమున్నది. ఎక్సెల్ పట్టిక ఒక సంఖ్యలో 15 అంకెలను మాత్రమే యథాతథంగా నిలుపుకొంటుంది. 16 అంకెల బ్యాంకు ఖాతాను సంఖ్యగా ఎక్కించినచో కడపటి అంకె సున్నగా మారుతుంది. సున్నతో మొదలయ్యే సంఖ్యలో ముందున్న సున్న రాలిపోతుంది. 3/4 అని వ్రాసిన తేదీని మనం ఏప్రిల్ 3గా చదివితే, అమెరికా పద్ధతిలో అమర్చిన పనిముట్టు మార్చి 4గా చదువుతుంది. వీటిలో ఏ ఒక్కదానికీ గంట మ్రోగదు, హెచ్చరిక రాదు.

ఇవి మన కార్యాలయాలకే పరిమితమైన చిక్కులు కావు. కొన్ని జన్యువుల సంక్షిప్త నామాలను ఎక్సెల్ తేదీలుగా మార్చివేస్తున్నందున, శాస్త్రజ్ఞుల నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చివేసినట్లు 2020లో ప్రకటించినది. అదే సంవత్సరం ఇంగ్లండులో మరింత గంభీరమైన సంఘటన జరిగినది. కోవిడ్ పరీక్షల ఫలితాలను ఒకచోటికి చేర్చడానికి అక్కడి ప్రజారోగ్య సంస్థ పాతకాలపు ఎక్సెల్ ఫైలును వాడినది. ఆ రకపు ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు. నిండిన తరువాత వచ్చిన వరుసలు చేరలేదు. సెప్టెంబరు 25నుండి అక్టోబరు 2వరకు 15,841 మంది రోగుల వివరాలు దినదిన లెక్కలోనికి రాలేదు. వారితో మెలగినవారిని వెదకి హెచ్చరించే పని ఆ మేరకు ఆలస్యమైనది. పాత్ర నిండినదని చెప్పే ఏర్పాటు ఒక్కటి ఉన్నట్లయితే ఆ పొరపాటు మొదటి దినాననే బయటపడి ఉండేది.

నియమాన్ని ముందు వ్రాయండి

ఇట్టి పనికి మేము సూచించేది స్క్రిప్టునే. అయితే స్క్రిప్టుకన్న ముందు వ్రాయవలసినది మరొకటి ఉన్నది. పనిని నడిపే నియమాలను ఒక కాగితంమీద, కార్యాలయంలో అందరికీ తెలిసిన భాషలో వ్రాయాలి. మన కళాశాలలలో తెలుగులోను, ఉర్దూలోను రెండు ప్రతులుంటే మరీ మంచిది. మచ్చునకు మూడవ పనికి ఆ కాగితం ఈ విధంగా ఉండవచ్చు:

1. విద్యార్థికి గుర్తు హాల్ టికెట్ సంఖ్య, పేరు కాదు.

2. హాల్ టికెట్ సంఖ్యను, బ్యాంకు ఖాతా సంఖ్యను వ్రాతగానే ఉంచాలి. లెక్కించే సంఖ్యగా మార్చరాదు.

3. రెండు జాబితాలలో సంఖ్యా, పేరూ రెండూ కలిస్తే 'సరిపోయినవారు'.

4. సంఖ్య కలిసి పేరు కలియకపోతే 'చూడవలసినవారు'. వీరి విషయం మనిషే తేల్చాలి, యంత్రం తేల్చరాదు.

5. కళాశాల జాబితాలో ఉండి అవతలి జాబితాలో సంఖ్య దొరకనివారు 'అందనివారు'. అవతలి జాబితాలో మాత్రమే ఉన్నవారిని విడిగా చూపాలి.

6. సరిపోయినవారు, చూడవలసినవారు, అందనివారు కలిసి కళాశాల జాబితా మొత్తానికి సమానం కావాలి. కానిచో పని అక్కడనే ఆగిపోవాలి.

ఆరవ నియమం చిన్నదిగా కనబడినా దానిమీదనే అంతా ఆధారపడి ఉన్నది. 1,200 మందిలో 1,112 మంది సరిపోయినవారు, 61 మంది చూడవలసినవారు, 27 మంది అందనివారు అయితే లెక్క కుదిరినది. ఆ 61 పేర్లను చూడడానికి గుమాస్తాకు ఒక పూట చాలు. మొత్తం 1,199 వస్తే ఒక విద్యార్థి ఎక్కడో జారిపోయినాడన్నమాట. దుకాణంలో రాత్రి తలుపు వేసేముందు రొక్కం లెక్క చూచినట్లే ఇది.

ఈ కాగితం సిద్ధమైన తరువాత పైథాన్‌లో స్క్రిప్టు వ్రాయడం డిగ్రీ విద్యార్థికి కష్టం కాదు. సిద్ధమైన పనిముట్టుతో ఈ ఆరు నియమాలను నడపడం అసాధ్యమని మేము అనడంలేదు; కాని నాలుగవ, ఆరవ నియమాలు అందులో సరిగా నడుస్తున్నవో లేదో పరీక్షించి చూపడం కష్టం. స్క్రిప్టును పదిమంది కల్పిత విద్యార్థుల జాబితాతో ముందుగా నడిపి చూడవచ్చు. అందులో ఒకని సంఖ్యను కావాలని తప్పుగా వ్రాసి, స్క్రిప్టు పట్టుకొన్నదో లేదో తెలుసుకొనవచ్చు. స్క్రిప్టు వ్రాసేవారు కూడా 'దీనిని వ్రాతగా చదువు' అని ఆజ్ఞాపించకపోతే అందులోనూ సున్నలు రాలిపోతాయి. రెండవ నియమం కాగితంమీద ఉండవలసినది అందుకే.

ఎన్నుకొనేముందు అడుగవలసిన ప్రశ్నలు

పై పరిశీలననుండి ఐదు ప్రశ్నలు తేలుతున్నవి. ఏ పనికైనా వీటిని వేసుకొంటే మార్గం స్పష్టమవుతుంది.

ఒకటి: నియమం అందరిదా, మనదా? లోకమంతటా ఒకే తీరున జరిగే పనికి సిద్ధమైన పనిముట్టు చాలును. మన మినహాయింపులతో, మన లిపులతో, మన పేర్లతో ముడిపడిన పనికి మన స్క్రిప్టు కావాలి.

రెండు: తప్పు జరిగితే ఎవరికి, ఎంతలో తెలుస్తుంది? వెంటనే తెలిసిపోయే తప్పులకు భయపడనక్కరలేదు. నెలల తరబడి తెలియని తప్పులున్న పనికి లెక్క సరిచూచే ఏర్పాటు లేని ఏ పద్ధతీ తగదు.

మూడు: ఎంత శ్రమ మిగులుతుంది? వారానికి 20 నిమిషాల పని 40 వారాలకు 800 నిమిషాలు, అనగా 13 గంటల 20 నిమిషాలు. దీనికి స్క్రిప్టు వ్రాసి పరీక్షించడానికి 40 గంటలు పడితే మూడేళ్ళవరకు పెట్టిన శ్రమ తిరిగిరాదు. అట్టిచోట చేతితో చేయడమే మేలు కావచ్చు.

నాలుగు: సమాచారం ఎక్కడికి పోతుంది? అద్దె పనిముట్టులో పెట్టిన ఫోను నంబర్లు, ఖాతా సంఖ్యలు, కుటుంబ ఆదాయ వివరాలు ఆ సంస్థ సర్వర్ల గుండా పోతాయి. మన దేశంలో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చినది. 18 ఏళ్ళలోపువారి సమాచారం విషయమై తల్లిదండ్రుల అనుమతిని గూర్చిన నిబంధన అందులో ఉన్నది. ఇంటర్మీడియట్ విద్యార్థులలో అధికులు ఆ వయస్సువారే. కావున ఇట్టి వివరాలు కళాశాల కంప్యూటర్ దాటకుండా పని జరిగే మార్గముంటే దానికే మొగ్గు చూపాలి. ఎన్‌ఎయిట్‌ఎన్ వంటి కొన్ని పనిముట్లను మన సొంత కంప్యూటర్‌లోనే అమర్చుకొనే వీలున్నదని కూడా గమనించాలి.

ఐదు: తయారుచేసినవారు వెళ్ళిపోయిన తరువాత దీనిని ఎవరు చూస్తారు? నో-కోడ్ ఏర్పాటు తరచుగా ఒక వ్యక్తి ఖాతాకు ముడిపడి ఉంటుంది. ఆయన బదిలీ అయి ఖాతా మూతపడితే గొలుసు తెగుతుంది. తెగినదన్న సమాచారం కూడా ఆ మూతపడిన ఖాతాకే చేరుతుంది. స్క్రిప్టు వ్రాసినవాడు చివరి సంవత్సరపు విద్యార్థి అయితే జూన్ నాటికి అతడు ఉండడు. దర్జీ ఊరు విడిచిపోయినట్లే. కావున వ్రాసినవారు కాక మరొకరు దానిని చదివి, నడిపి, చిన్న మార్పు ఒకటి చేసి చూపినప్పుడే పని పూర్తయినట్లు భావించాలి.

యంత్రమే స్క్రిప్టు వ్రాస్తే?

2022 నవంబరులో చాట్‌జీపీటీ వెలువడిన తరువాత మరొక వాదం వినవస్తున్నది. మనకు కావలసినది మామూలు మాటలలో చెబితే యంత్రమే స్క్రిప్టు వ్రాసి ఇస్తున్నప్పుడు ఈ ఎంపికతో పనియేమి అని కొందరి ప్రశ్న. వ్రాసే శ్రమ తగ్గిన మాట వాస్తవం. అది చిన్న కళాశాలలకు మేలు చేసే విషయమే. మూడవ ప్రశ్నలోని లెక్క దీనివలన చాలావరకు స్క్రిప్టుకు అనుకూలంగా మారినది. కాని తక్కిన నాలుగు ప్రశ్నలు అట్లే ఉన్నవి. యంత్రం ఇచ్చిన స్క్రిప్టు ఖాతా సంఖ్యను వ్రాతగా చదువుతున్నదా, సంఖ్యగా చదువుతున్నదా అని చూడగల కన్ను మనకుండాలి. ఇందుకు కూడా పైన చెప్పిన నియమాల కాగితమే ఆధారం. మనకు ఏమి కావాలో మనకే స్పష్టంగా తెలియనప్పుడు ఎంత చక్కగా వ్రాసిన స్క్రిప్టయినా మనకు కావలసినదో కాదో ఎట్లు చెప్పగలం? ఒక జాగ్రత్త మాత్రం చెప్పక తప్పదు: ఇట్టి సహాయం కోరేటప్పుడు కల్పిత పేర్ల జాబితానే ఇవ్వాలి, విద్యార్థుల అసలు వివరాలను ఇవ్వరాదు.

విద్యార్థులకు, నిర్వాహకులకు

విద్యార్థి మిత్రులు రెండు విద్యలనూ అభ్యసించాలి. నో-కోడ్ పనిముట్టుతో సంఘటన, చర్య, షరతు అనే భావనలు త్వరగా బోధపడతాయి. వాటిని ఆకళించుకొన్నవారికి పైథాన్‌లోని షరతులు, ఆవృత్తులు కొత్తగా తోచవు. గళ్ళు కలుపడం వచ్చినంతనే ప్రోగ్రామింగ్ అనవసరమనుకొనడం ఎంత పొరపాటో, స్క్రిప్టు వ్రాయగలిగినవారు గళ్ళు కలిపేవారిని చిన్నచూపు చూడడం కూడా అంతే పొరపాటు. భాషా విద్యార్థులు తమకిది సంబంధించని విషయమనుకొనరాదు. ఉర్దూ 'యే'కు అరబ్బీ 'యే'కు గల తేడాను, తెలుగు పొల్లు వెనుక దాగిన సంకేతాన్ని కనిపెట్టగలిగేవారు లిపి తెలిసినవారే. రెండు లిపులూ చదువగల విద్యార్థులు పక్కపక్కన కూర్చునే కళాశాలలో ఈ పనికి కావలసిన జ్ఞానం సగం ముందే సిద్ధంగా ఉన్నది.

నిర్వాహక సంఘానికి మా మనవి మూడు విషయాలు. ఏ పనిముట్టునైనా కొనేముందు ఆ పని నియమాల కాగితాన్ని అడగండి. అది లేకుండా కొన్నది అక్కరకు రాదు. ఏర్పాటు ఏదైనా వ్యక్తుల ఖాతాలలో గాక కళాశాల ఖాతాలో ఉండేటట్లు చూడండి. ఏడాదికొకమారు, ప్రవేశాలకు ముందు, ప్రతి ఏర్పాటునూ కల్పిత జాబితాతో నడిపించి, దానిని చూచుకొనే ఇద్దరి పేర్లు దస్త్రంలో వ్రాయించండి. వీటిలో దేనికీ పెద్ద వ్యయం లేదు.

సిద్ధమైన పనిముట్టు మన సమయాన్ని, స్క్రిప్టు మన నియమాన్ని కాపాడుతాయి. ఎక్కడ నియమం సామాన్యమో అక్కడ సమయాన్ని మిగుల్చుకొందాం. ఎక్కడ ఒక విద్యార్థి భవిష్యత్తు ఆ నియమంమీద ఆధారపడి ఉన్నదో అక్కడ సమయాన్ని వెచ్చిద్దాం. పేరు ఏ లిపిలో ఉన్నా, ఎన్ని విధాల వ్రాసినా, జాబితాలో ఉండవలసిన పేరు జాబితాలో ఉండాలి. ఆ బాధ్యత యంత్రానిది కాదు, మనదే.